గిలకల మంచం

తలుపు వేసే ఉంది. లోపల ఆరోగ్యమ్మ నవ్వింది.

వసారాలో కుర్చీలో కూర్చున్న భారతీదేవికి ఆ నవ్వు స్పష్టంగా వినిపించింది. చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఏడాదిగా ఆమె ఈ గదికి వస్తోంది. ఆరోగ్యమ్మ "మెల్లగా" అనటం, "ఊపిరి వదలండి" అనటం, పని బాగా కుదిరిన రోజున "ఊఁ" అనటం విన్నది గాని నవ్వటం ఎన్నడూ వినలేదు. అసలావిడకి నవ్వటం వచ్చునని కూడా అనుకోలేదు.

లోపల ఉన్నది షాజాది. భారతీదేవి భర్త కొండలరావుకి మిరపకాయల లారీ ఉంది. దాన్ని నడిపే ఇమాం చెల్లెలు ఆ పిల్ల.

భారతీదేవిది నందిగామ. మూడో కాన్పు తరవాత ఆమెకి నడుము పట్టేసింది. పసరు కట్లు కట్టారు, ఇసక కాపడం పెట్టారు. చివరికి బెజవాడ డాక్టరు తోలు బెల్టు ఒకటి ఇచ్చాడు. బెల్టు ఉంటే నిలబడేది, తీస్తే ఏదో ఒకటి పట్టుకోవలసి వచ్చేది. నేలమీద కూర్చుని లేవటం పూర్తిగా పోయింది. ఎవరింటి పెళ్ళికి వెళ్ళినా బంతిలో అందరూ కింద కూర్చుంటే ఆమెకొక్కదానికి గోడవార కుర్చీ, ముందొక స్టూలు వేసేవారు. "భారతమ్మగారొచ్చారు, కుర్చీ తేండి" అన్న కేక వినబడితే ఆ పూట ఆమెకి అన్నం సయించేది కాదు.

అప్పుడు ఎవరో జగ్గయ్యపేట ఆరోగ్యమ్మ సంగతి చెప్పారు. ఆమె మద్రాసులో నర్సు చదువు చదివి, యుద్ధంలో దెబ్బలు తిన్న సిపాయిల చేత కసరత్తు చేయించే ఒక దొరసాని దగ్గర చాలాకాలం పనిచేసింది. ఆసుపత్రి మంచాలకి స్ప్రింగులు కట్టి, మనిషిని పడుకోబెట్టి ఒంటిని బాగుచేసే ఆ విద్య దొరసానికి అమెరికాలో ఒక గురువు దగ్గర అబ్బిందట. తల్లికి చూపు పోవటంతో ఆరోగ్యమ్మ ఉద్యోగం మానుకుని సొంత ఊరు వచ్చేసింది. విద్య వచ్చింది గాని ఆమె దగ్గర పనిముట్టు లేదు.

దాన్ని చేయించింది భారతీదేవే. టేకు ఆమె ఇంటి దూలాలది. చక్రాలు లారీ షెడ్డులో పాత బేరింగులు. స్ప్రింగులు బెజవాడలో వస్తాదులు ఛాతీ పెంచుకోవటానికి లాగేవి. ఆరోగ్యమ్మ చెబుతూ ఉంటే జగ్గయ్యపేట వడ్రంగి ఆశీర్వాదం చేసిపెట్టాడు. చేసినన్ని రోజులూ అతనికి అనుమానమే.

"దీనిమీద నిద్రెట్టా పడద్దండీ? జారిపోద్ది గదా."

"నిద్రపోటానికి కాదయ్యా," అంది ఆరోగ్యమ్మ.

"నిద్రపోటానికి కాకపోతే మంచమెందుకండీ మరి?"

అందుకే ఊళ్ళో దానికి గిలకల మంచమని పేరొచ్చింది. పొడుగాటి చట్రం, దాని మీద ముందుకీ వెనక్కీ జారే బల్ల. బల్లకి కింద స్ప్రింగులు, తల దగ్గర రెండు గిలకలు, వాటి మీదుగా తాళ్ళు. బల్ల మీద వెల్లకిలా పడుకుని పాదాలు కమ్మీకి ఆనించి తొయ్యాలి. బల్ల జరుగుతుంది. తొయ్యటం ఎవరైనా తోస్తారు. తిరిగి రావటంలో ఉంది కష్టమంతా. స్ప్రింగు లాగేస్తుంటే లొంగకుండా, పొట్ట లోపలికి పట్టి, బల్ల టప్పుమనకుండా మెల్లగా రావాలి. ఆ రావటంలోనే నడుముకి బలం వస్తుందని ఆరోగ్యమ్మ చెప్పేది.

ఆమె ఎప్పుడూ ఒకరికే నేర్పేది. ఒకరున్నప్పుడు ఇంకొకరిని గదిలోకి రానిచ్చేది కాదు. "ఇద్దరుంటే ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు. ఒంటిని చూసుకోరు," అనేది.

భారతీదేవికి మేలు జరిగింది. ముందు బెల్టు పోయింది. తరవాత ఉగాదికి పొయ్యి దగ్గర నిలబడి ఇంటిల్లిపాదికీ వండింది. నిద్రలో అటు నుంచి ఇటు తిరిగేటప్పుడు మూలగటం మానేసింది. నేల మీద కూర్చోవటమొక్కటే మిగిలింది. కానీ ఆమె ఎదురుచూసేది వీటికోసం మాత్రమే కాదు. ఆరోగ్యమ్మ వీపు కింద అరచెయ్యి పెట్టి "ఇదుగో, ఇక్కణ్ణించి తీసుకోండి ఊపిరి," అనేది. ఆ చెయ్యి ఎక్కడ నొప్పో తనంతట తనే వెతుక్కుని అక్కడ ఆగేది. భారతీదేవి మాటంటే ఇంట్లో పాలేళ్ళ దగ్గర్నుంచీ పరుగెత్తేవారే గాని, నీకెక్కడ నొప్పి అని చేయివేసి చూసినవాళ్ళు లేరు. ఆ గంటసేపు ఆ మనిషి పూర్తిగా తనది.

షాజాది వచ్చేదాకా.

ఆ పిల్ల బావి దగ్గర నాచు మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టినవాడు కాలు చాపి బిగించాడు. విప్పేసరికి అది రోకలిబండలా బిగుసుకుపోయి వంగటం మానేసింది. ఇమాం వచ్చి బతిమాలితే ఆరోగ్యమ్మ ఒప్పుకుంది. ఒప్పుకునే ముందు భారతీదేవిని ఒక మాట అడిగింది కూడా. "దానికేం, పాపం," అని భారతీదేవి నోటితోనే అంది. అప్పటికి అది మామూలు మాటే అనుకుంది.

తలుపు తెరుచుకుంది. షాజాది కర్ర ఊతంతో బయటికి వచ్చింది. మొహం చెమటతో మెరుస్తోంది.

"అమ్మగారూ, ఇయ్యాల బల్ల చప్పుడు కాకుండా వచ్చిందండి."

"వచ్చింది బల్లేగా, నువ్వు కాదుగా," అంది భారతీదేవి.

షాజాది దాన్ని హాస్యమనుకుని నవ్వింది. "మోకాలు కూడా వొంగుతందండి. ఇంతవరకూ." చేత్తో చూపించింది.

భారతీదేవి చూడలేదు. ఆ పిల్ల వేసుకున్న పైజమా చూసింది. ఈ బల్ల ఎక్కటానికి చీర పనికిరాదని ఆరోగ్యమ్మ చెప్పినప్పుడు పైజమా తొడుక్కోవటానికి తనెంత సిగ్గుపడిందో గుర్తొచ్చింది. ఈ పిల్ల పుట్టినప్పటినుంచీ అందులోనే పెరిగినట్టుంది. అదీ దానికి కలిసివచ్చింది.

భారతీదేవి లోపలికి వెళ్ళి బల్లమీద పడుకోబోతూ, పక్కనున్న తువ్వాలుతో దాన్ని ఒకసారి తుడిచింది.

"తుడిచానండి," అంది ఆరోగ్యమ్మ.

"అంత నవ్వేం వచ్చింది లోపల?"

"ఏమో అన్నదండి ఆ పిల్ల. గుర్తులేదు."

గుర్తులేకపోవటం ఇంకా బాధనిపించింది భారతీదేవికి. గుర్తుపెట్టుకోవలసిన పనిలేనంత చనువన్నమాట.

"దానికెన్ని స్ప్రింగులు పెడుతున్నారు?"

"ఒకటి."

"నాకు మూడు." ఆమెకి కొంచెం హాయిగా ఉంది.

ఆరోగ్యమ్మకి మనసు కనిపెట్టి మాట్లాడటం తెలియదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. "మూడుంటే బల్లే మిమ్మల్ని పట్టుకుంటదండి. ఒకటే అయితే మన ఒళ్ళు మనమే పట్టుకోవాలి. ఒకటే కష్టం."

"అయితే నాకూ ఒకటే పెట్టండి."

"మీ నడుం ఇంకా ఒప్పుకోదండి."

"పెట్టమంటున్నాగా."

ఆరోగ్యమ్మ రెండు కొక్కేలు విప్పింది. భారతీదేవి తోసింది. బల్ల తేలిగ్గా జారింది. తిరిగి వచ్చేటప్పుడు పట్టు ఎక్కడా దొరకలేదు. నడుము వంకర తిరిగి, బల్ల టప్పున కొట్టుకుంది. పాత నొప్పి వెన్ను పొడుగునా పాకింది. ఆరోగ్యమ్మ ఆ రెండు కొక్కేలూ మళ్ళీ తగిలించింది. ఏదన్నా అని ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చినా ఆ నవ్వు చెవుల్లోంచి పోలేదు. కొండలరావు భోజనం చేస్తుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చుని మాట ఎత్తింది.

"ఆ బల్ల మన ఇంటికి తెచ్చేసుకుందామండీ."

"అక్కడుంటే ఏం పోయింది?"

"ప్రతిసారీ బస్సెక్కి పోవటం నా వల్ల కావటంలేదు. కుదుపులకి వచ్చిన గుణం అక్కడికక్కడే పోతోంది."

"మొన్నటిదాకా బస్సులో వెళ్ళిరావటమే ఒంటికి మంచిదంటివే."

"టేకు మనది. బేరింగులు మనవి. ఊళ్ళోవాళ్ళంతా పొర్లటానికా చేయించింది?"

కొండలరావు మజ్జిగ పోసుకుంటూ భార్యవైపు చూశాడు. "ఊళ్ళోవాళ్ళంతా అంటే ఇమాం చెల్లెలేగా."

వంటింట్లో గిన్నెలు సర్దుతున్న సుబ్బమ్మ అందుకుంది. ఆ ఇంట్లో ఎప్పటినుంచో పనిచేస్తున్న మనిషి, నోటికి అడ్డులేదు. "అమ్మగారికి నొప్పి నడుంలోంచి గుండెలోకి ఎక్కిందయ్యగారూ. పసరు కట్టినా దిగదు."

"నువ్వు నీ పని చూసుకో," అంది భారతీదేవి.

"నా పని నేను చూసుకుంటానే ఉన్నానమ్మా. చెవులు వాటి పని అవి చూసుకుంటన్నాయి."

బల్ల నందిగామ వచ్చింది. తేవటానికి వెళ్ళింది ఇమామే. తన చెల్లెలి కాలికి ఆధారమైన దాన్ని తనే ఎత్తి లారీలో పెట్టుకుని తెచ్చాడు. దించేటప్పుడు "ఎక్కడ పెట్టమంటారమ్మా?" అని మాత్రం అడిగాడు. ఆరోగ్యమ్మ అడ్డు చెప్పలేదట. "వారిది వారు తీసుకెళ్తున్నారు. నేనే అక్కడికి వస్తానని చెప్పు," అందట.

ముందు గదిలో సోఫా జరిపి బల్ల వేయించింది భారతీదేవి. వచ్చిన చుట్టాలందరికీ చూపించింది. చూసినవాళ్ళు గిలకలు తిప్పి, బల్ల తోసి, "ఉయ్యాల అనుకున్నాం," అన్నారు. ఒక పెద్దావిడ దానిమీద వడియాలు ఎండబెట్టుకోవచ్చుగా అంది. భారతీదేవి నవ్వలేదు. ఇప్పుడది తనది. ఆరోగ్యమ్మ తన ఇంటికే వస్తోంది, తనకోసమే వస్తోంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఆరోగ్యమ్మ చెప్పిన రోజున చెప్పిన వేళకి బస్సు దిగి వచ్చేది. పనిలో లోటు చేసేది కాదు. కానీ ఎక్కువగా గోడ పక్కన నిలబడి నోటితో చెప్పేది. "పొట్ట లోపలికి. మెడ వదిలెయ్యండి. ఇప్పుడు రండి." అరచెయ్యి వీపు కిందికి వచ్చేది తక్కువైంది. వచ్చినా తొందరగా వెళ్ళిపోయేది. ఒకరోజు స్ప్రింగు మారుస్తుండగా ఆ అరచేతిలో అడ్డంగా ఎర్రటి గీత కనిపించింది. తోలు లేచింది.

"అదేంటండీ ఆ చెయ్యి?"

"తాడు కోసిందండి."

"ఏం తాడు?"

"షాజాదీకి చేయిస్తున్నాగా. బల్ల లేదు. అందుకని చాప మీద పడుకోబెట్టి, పాదానికి గుడ్డ ఉచ్చు వేసి, రెండో కొస నేను పట్టుకుంటా. తను కాలు కిందికి తోస్తే నేను లాగిపట్టాలి. దానికి నేనే స్ప్రింగుని," అంది ఆరోగ్యమ్మ. ఫిర్యాదుగా అనలేదు. చేస్తున్న పని చెప్పినట్టు చెప్పింది.

భారతీదేవి ఆ రోజు మిగతా కసరత్తు ఎలా చేసిందో ఆమెకే తెలియదు. తనకి ఇనప స్ప్రింగులు. ఆ పిల్లకి ఆరోగ్యమ్మ రెండు చేతులూ. పంచుకునే అవసరం లేకుండా చేద్దామనుకుంటే, దగ్గరుండి మొత్తం వాటా ఆ పిల్లకే అప్పజెప్పినట్టయింది. ఇంత తెలివితక్కువ పని తనే చేసిందంటే నమ్మలేకపోయింది. రాత్రి భోజనం వద్దంది. "వడియాలు ఎండబెట్టనా అమ్మా దానిమీద?" అని సుబ్బమ్మ అడిగితే "ఎండబెట్టుకో పో," అంది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా జగ్గయ్యపేట బస్సెక్కింది. దారిలో చిల్లకల్లు దాటేదాకా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉంది.

ఆరోగ్యమ్మ ఇంటి తలుపు ఆ రోజు వేసి లేదు. బల్ల లేని గదిలో దాచవలసిందేమీ లేదనుకున్నారో ఏమో. వసారాలో చూపులేని ముసలావిడ చింతపండు పీచు తీస్తోంది. లోపల చాపమీద షాజాది వెల్లకిలా పడుకుని ఉంది. ఆమె కాలు పైకి లేచి ఉంది. పాదం నుంచి వచ్చిన తాడు కొస ఆరోగ్యమ్మ చేతులకి చుట్టుకుని ఉంది. ఆరోగ్యమ్మ ఆ పిల్ల తల వెనక మోకాళ్ళ మీద కూర్చుని, వెనక్కి ఒరిగి, కళ్ళు ఆ కాలి మీదే పెట్టి ఉంది. కాలు కొంచెం దిగితే ఆమె ఒళ్ళు కొంచెం ముందుకి వచ్చేది. కాలు లేస్తే వెనక్కి వెళ్ళేది. వీళ్ళిద్దరిలో ఎవరు ఎవర్ని కదిలిస్తున్నారో చెప్పటం కష్టం. మోకాలు చక్కగా వంగుతోంది.

భారతీదేవి గుమ్మంలో నిలబడి చూసింది. ఏడాదిలో తనవైపు అంత ఏకాగ్రతగా చూసిందా ఈ మనిషి? చూసే ఉండవచ్చు. బల్లమీద పడుకుంటే కనిపించేది పైకప్పే. చూసిందీ లేనిదీ ఎలా తెలుస్తుంది?

"బల్ల పంపించేస్తా," అంది ఉన్నట్టుండి.

ఇద్దరూ తల తిప్పారు. తాడు వదులైంది.

"రేపే లారీలో పంపిస్తా. ఈ పిల్లని మళ్ళీ దానిమీదే పడుకోబెట్టండి. మీ చేతులు పాడైపోతున్నాయి."

మాటల్లో జాలే ఉంది. గొంతులో లేదు. అది ఆరోగ్యమ్మకి తెలిసిందో లేదో గాని తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు దీనికి బల్ల అక్కర్లేదండి. స్ప్రింగు ఎప్పుడూ ఒకేలాగా లాగుతుంది. చెయ్యి కాలుని చూసి లాగుతుంది. ఇట్టా చేయించబట్టే ఇంత తొందరగా వొంగింది. ఒకరకంగా మీరు బల్ల తీసుకెళ్ళటమే మంచిదైంది."

"అవునమ్మగారూ," అంది షాజాది లేచి కూర్చుంటూ. "కర్ర కూడా ఇంట్లో వొదిలేసి వచ్చానండి ఇయ్యాల. మా వదిన చూసి ఏడ్చింది."

భారతీదేవి గోడవార ఉన్న ముక్కాలి పీట మీద కూలబడింది. "అయితే నాకూ బల్ల వద్దు. నాకూ ఇట్టాగే చేతుల్తో చేయించండి."

"మీకు ఇంకా బల్లే కావాలండి. చాపమీద చెయ్యటం పైమెట్టు. బల్ల మిమ్మల్ని మోస్తోంది. ఇంకొన్నాళ్ళు మొయ్యాలి."

"ఎన్నాళ్ళు?"

"నడుం చెప్పాలి."

"మీరు నాకు ఎప్పుడూ ఇదే చెబుతారు. ఈ పిల్లతో మటుకు నవ్వుతారు."

అనేసిన తరవాత భారతీదేవికి ఒళ్ళంతా వేడెక్కింది. నందిగామలో అంత పెద్ద ఇల్లు నడిపే మనిషి, లారీ డ్రైవరు చెల్లెలి ఎదుట ఈ మాట అంది. షాజాది తల వంచుకుంది. ఆరోగ్యమ్మ మాత్రం కాసేపు ఆలోచించింది, లెక్క ఎక్కడ తప్పిందా అని చూసినట్టు.

"ఈ పిల్ల చేసేటప్పుడు పాటలు పాడుద్దండి. చరణాలన్నీ తప్పులే. నవ్వొస్తుంది. మీరు పళ్ళు బిగబట్టి చేస్తారు. నవ్వితే మీకు కోపమొస్తుందనుకున్నా."



ఆరోగ్యమ్మ మళ్ళీ తాడు అందుకోబోయి భుజం పట్టుకుని ఆగింది. మొహం ముడుచుకుంది. "నిన్నటినుంచీ పట్టేసింది," అని గొణిగింది. కొంచెంసేపు చెయ్యి ఆడించి చూసి, తాడు కొస భారతీదేవి వైపు చాచింది.

"మీరు పట్టుకోండి. నేను పక్కన ఉండి మోకాలు చూస్తా."

"నేనా?"

"పీట కొంచెం ముందుకి జరుపుకుని చివరన కూర్చోండి. ఆనుకోవద్దు."

భారతీదేవి తాడు తీసుకుంది. అది ఇంకా ఆరోగ్యమ్మ చేతి చెమటతో తడిగా ఉంది. షాజాది పడుకుని కాలు ఎత్తి తోసింది. ఆ కాలులో అంత బలం ఉంటుందని భారతీదేవి అనుకోలేదు. ఎక్కడినుంచి వచ్చింది ఈ బలం? తనకెందుకు రాలేదు? పట్టి లాగింది. ఉన్న కచ్చంతా పెట్టి లాగింది. కాలు గజగజ వణికింది. షాజాది చాప అంచు గట్టిగా పట్టుకుంది.

"లాగకండి," అంది ఆరోగ్యమ్మ. "మీరు గెలవక్కర్లా. తను అడిగినంత ఇవ్వండి. వెనక్కి వచ్చేటప్పుడు మెల్లగా తీసుకోండి. బల్లమీద మీరు చేసేదే."

మళ్ళీ తోసింది షాజాది. ఈసారి భారతీదేవి పోనిచ్చింది. అంతా వదిలేస్తే కాలు ధబ్బున పడుతుంది. బిగబడితే కదలదు. రెంటికీ మధ్య ఎక్కడో ఉంది. దానికోసం చేతులు చాలలేదు, పొట్ట బిగించవలసి వచ్చింది. పొట్ట బిగిస్తే వీపు నిలబడింది. వీపుకి ఆనటానికి ఏమీ లేదు, కింద మోసే బల్ల లేదు. పిల్ల కాలు దిగుతుంటే ఆమె ముందుకి వస్తోంది, లేస్తుంటే వెనక్కి ఒరుగుతోంది. తాడులోంచి ఆ మోకాలు ఎక్కడ పట్టేస్తోందో, ఎక్కడ వదులుతోందో చేతికి తెలుస్తోంది. అక్కడ కొంచెం ఆగి ఇచ్చింది. షాజాది ఊపిరి వదిలింది.

"ఇక్కడేనా నొప్పి?" అంది భారతీదేవి.

"అక్కడేనండి. ఎట్టా తెలిసింది?"

భారతీదేవి తాడు ఇంకొంచెం ఇచ్చింది. షాజాది కాసేపయ్యాక సన్నగా ఏదో పాట ఎత్తుకుంది. మాటలన్నీ తప్పే. ఆరోగ్యమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భారతీదేవికి ఆ పాట నచ్చలేదు. ఆ గొంతు బాగుండటం అసలే నచ్చలేదు.

బయట నందిగామ బస్సు హారను కొట్టింది.

"బస్సొచ్చిందండి," అంది ఆరోగ్యమ్మ, తాడు కోసం చెయ్యి చాచి. "ఇటివ్వండి, మిగిలింది నేను చేయిస్తా. భుజం సర్దుకుంది."

భారతీదేవి తాడుని అరచేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది.

"మీరు కూర్చోండి," అంది. "నేను సగంలో ఉన్నా."

బస్సు వెళ్ళిపోయింది. షాజాది కాలు ఎత్తింది.